8 మిల్లీమీటర్ల నుంచి 6కి: ఒక సరుకు వ్యాగన్ ఫ్రేమ్ కేస్

టేబుల్ మీద ఆరు చార్పీ ముక్కలు (సుత్తితో విరగ్గొట్టి, విరగడానికి ఉక్కు ఎంత శక్తిని మింగుతుందో కొలిచే నమూనాలు) పెట్టారు. మూడు ప్లేట్ లోంచి కోసినవి. మిగతా మూడు అదే ప్లేట్‌లో వెల్డ్‌ని ఆనుకుని ఉన్న చోటు నుంచి కోసినవి. మైనస్ 40 డిగ్రీల చలిలో సుత్తి దెబ్బ తిన్నాక ప్లేట్ ముక్కలు సాగి, పక్కలకు ఉబ్బి, మసక బూడిద రంగులో ఉన్నాయి. వెల్డ్ పక్క ముక్కలు రాళ్లుప్పు పగలగొట్టినట్టు తళతళలాడుతున్నాయి. ఈ పనిలో ఉన్నవాళ్లకి ఆ మెరుపు ఒక్కటి చాలు, రిపోర్ట్ చదవక్కర్లేదు. ఉక్కు సాగకుండా పుటుక్కున విరిగింది.

అది కొత్తగా డిజైన్ చేసిన నాలుగు ఇరుసుల ఓపెన్ వ్యాగన్. బొగ్గు, ఖనిజం లాంటి సరుకు కోసం. ఫ్రేమ్‌లో ఎక్కువ భాగం అప్పటిదాకా ఎస్355 గ్రేడ్ ఉక్కుతో చేసేవాళ్లం. ఈసారి ఎస్700ఎంసీకి మారాం. పేరులోని అంకె కనీస ఈల్డ్ బలం (ఉక్కు మళ్లీ వెనక్కి రాకుండా వంగడం మొదలయ్యే ఒత్తిడి), మెగాపాస్కల్స్‌లో. కాగితం మీద చూస్తే బలం రెట్టింపు. "అయితే బరువు సగమా?" అని మొదటి మీటింగ్‌లోనే ఒకాయన అడిగారు. కాదు. ఎందుకు కాదో చెప్పడానికే ఈ కేస్ రాస్తున్నాను. నా పని మెటలర్జీ, వెల్డింగ్. డిజైన్ లెక్కలు నావి కావు గానీ, వాటి పర్యవసానాలు చివరికి నా బల్ల మీదికే వస్తాయి.

బరువు తగ్గితే ఏం మిగులుతుంది

ఇరుసుకి 22.5 టన్నులు పరిమితి అనుకుంటే, నాలుగు ఇరుసుల వ్యాగన్ మొత్తం బరువు 90 టన్నులు దాటకూడదు. పాత వ్యాగన్ ఖాళీ బరువు 22 టన్నులు, అంటే సరుకు 68. మా లక్ష్యం ఖాళీ బరువుని 19.5 టన్నులకు దించడం. అప్పుడు సరుకు 70.5 టన్నులు.

చాలామంది ఇక్కడ ఒక విషయం మర్చిపోతారు. నిండుగా వెళ్లేటప్పుడు ఇంజన్‌కి ఏ తేడా ఉండదు. పాత వ్యాగన్ అయినా, కొత్తదైనా అవే 90 టన్నులు. లాభం రెండు చోట్ల వస్తుంది. ఒకటి, అదే లాగుడుకి సరుకు ఎక్కువ. రెండోది, బొగ్గు వ్యాగన్లు తిరుగు ప్రయాణంలో దాదాపు ఎప్పుడూ ఖాళీయే, ఆ ఖాళీ బరువు తగ్గడం. రెండు దారులూ కలిపి లెక్కేస్తే పాత వ్యాగన్ 68 టన్నుల సరుకు కోసం 112 టన్నులు లాగించేది, కొత్తది 70.5 టన్నుల కోసం 109.5. టన్ను సరుకుకి లాగే బరువు దాదాపు 5.7 శాతం తగ్గుతుంది. గాలి నిరోధం మాత్రం బరువుతో తగ్గేది కాదు. పైగా ఖాళీ ఓపెన్ వ్యాగన్ గాలిని బాగానే పడుతుంది. అందుకని ఇంధనం కూడా అంతే శాతం తగ్గుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

రెట్టింపు బలం ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ రాదు

ఉక్కు ఏ గ్రేడ్ అయినా సాగుడు గుణకం (లోడ్ కింద ఎంత బిగువుగా ఉంటుందో చెప్పే అంకె) సుమారు 210 గిగాపాస్కల్స్. గ్రెయిన్లు (ఉక్కు లోపలి స్ఫటికాలు) ఎంత సన్నబడ్డా, లోపలి నిర్మాణం బెయినైట్ రకమైనా, ఫెర్రైట్ రకమైనా అది మారదు. అంటే లోడ్ పడ్డప్పుడు ఫ్రేమ్ ఎంత వంగుతుందనేది బలాన్ని బట్టి కాదు, మందాన్ని, ఆకారాన్ని బట్టి ఉంటుంది. పలచని రేకు నొక్కుడుకి మెలి తిరిగిపోయే ఒత్తిడి మందం వర్గంతో తగ్గుతుంది. 5 మి.మీ. పక్క రేకుని 4 చేస్తే ఆ ఒత్తిడి 64 శాతానికి పడిపోతుంది. బలమైన ఉక్కు వాడి ఉపయోగం లేదు, రేకులో నొక్కు గాడులు వేసి బిగువు తెచ్చుకోవాలి. మేమూ అదే చేశాం. క్రాస్ బేరర్లను (ఫ్రేమ్‌కి అడ్డంగా ఉండే దూలాలను) కూడా లోతు పెంచి, మందం తగ్గించాం.

బలం నిజంగా అక్కరకొచ్చింది సెంటర్ సిల్‌లోనూ (వ్యాగన్ మధ్యలో పొడవునా సాగే దూలం), క్రాస్ బేరర్ల అడుగు అంచుల్లోనూ. కప్లర్ (వ్యాగన్లను కలిపే కొక్కెం) వరసలో 2000 కిలోన్యూటన్ల తోపుడుకి ఫ్రేమ్ తట్టుకోవాలని యూరోపియన్ ప్రమాణం ఈఎన్ 12663-2 ఎఫ్-1 తరగతి వ్యాగన్లను అడుగుతుంది. రెండు వందల టన్నులకి పైమాటే. అక్కడ 700 గ్రేడ్ పెట్టిన ప్రతి మిల్లీమీటరూ గిట్టుబాటైంది.

నేల రేకు దగ్గర మాత్రం నేనూ, డిజైనర్ గారూ పోట్లాడుకున్నాం. ఆయనకి 6 నుంచి 4.5కి దించాలని ఉంది. నేను ఒప్పుకోలేదు. లోడర్ బకెట్ దెబ్బ, ఖనిజం రాపిడి, తడి బొగ్గు తుప్పు, ఈ మూడింట్లో దేనికీ ఈల్డ్ బలం పెద్దగా అడ్డుపడదు. రాగి, క్రోమియం, ఫాస్ఫరస్ కలిపిన వాతావరణ నిరోధక ఉక్కు 1930లలో కార్టెన్ పేరుతో మార్కెట్లోకి వచ్చి మొదట వాడకమైంది బొగ్గు వ్యాగన్లలోనే. కానీ దాని మీద ఏర్పడే తుప్పు పొర సరుకు రాపిడికి ఊడిపోతుంటే అది కాపాడేదేముంది? ఒక మిల్లీమీటర్ తుప్పు 6 మి.మీ. రేకులో ఆరో వంతు, 4.5లో ఐదో వంతు కన్నా ఎక్కువ. నేల 6 మి.మీ. దగ్గరే ఆగింది. లక్ష్యం లోంచి కొన్ని వందల కిలోలు అక్కడే పోయాయి.

గ్రెయిన్ల లెక్క

ఉక్కుని బలపరచడానికి దారులు చాలానే ఉన్నాయి. కార్బన్ పెంచి పెర్లైట్ (ఫెర్రైట్, ఇనుప కార్బైడ్ పొరలు పొరలుగా ఉండే నిర్మాణం) ఎక్కువ చేయొచ్చు, మిశ్రమ లోహాలు కరిగించొచ్చు, సన్నటి కార్బైడ్ రేణువులు పుట్టించొచ్చు. వీటిలో దేన్ని పట్టుకున్నా బలంతో పాటు పెళుసుదనం కూడా వెంట వస్తుంది. గ్రెయిన్లను సన్నబరచడం ఒక్కటే బలాన్నీ, టఫ్‌నెస్‌నీ (పుటుక్కున విరగకుండా ఓర్చుకునే గుణం) కలిపి పెంచుతుంది. 1951లో హాల్, 1953లో పెచ్ తేల్చిన సంబంధం ప్రకారం ఈల్డ్ బలం గ్రెయిన్ వ్యాసపు వర్గమూలానికి విలోమంగా పెరుగుతుంది. ఫెర్రైట్ గ్రెయిన్ 20 మైక్రాన్ల నుంచి 5 మైక్రాన్లకి దిగితే సుమారు 120 మెగాపాస్కల్స్ కలిసొస్తాయి. ఉక్కు సాగే గుణం నుంచి పెళుసుకి మారే ఉష్ణోగ్రత, మామూలుగా వాడే ఫెర్రైట్ ఉక్కుల సూత్రం ప్రకారం, ఇంకో 80 డిగ్రీలు కిందికి జరుగుతుంది. అదే సూత్రంలో పెర్లైట్ ప్రతి ఒక్క శాతానికీ ఆ ఉష్ణోగ్రత రెండు డిగ్రీలకి పైగా పైకి జరుగుతుంది. అంటే పాత ఎస్355లో బలానికి ఆధారమైన నల్లటి పెర్లైట్ పట్టీలే చలిలో దాని బలహీనత.

ఎస్700ఎంసీలో కార్బన్ చాలా తక్కువ. మా ప్లేట్‌లో 0.06 శాతం. పెర్లైట్ దాదాపు కనపడదు. రోలింగ్ మిల్లులో చివరి దశలను తక్కువ వేడిలో నడుపుతారు. కొద్దిగా కలిపిన నియోబియం, ఆస్టెనైట్ (బాగా వేడి మీద ఉక్కు ఉండే రూపం) గ్రెయిన్లు మళ్లీ కొత్తగా ఏర్పడకుండా పట్టి ఉంచుతుంది. దాంతో అవి అప్పడంలా అణిగిపోయి, నీటి జల్లు కింద చల్లబడేటప్పుడు లెక్కలేనన్ని సన్నటి ఫెర్రైట్, బెయినైట్ గ్రెయిన్లుగా మారతాయి. కాయిల్ చుట్టాక, 600 డిగ్రీల చుట్టుపక్కల, టైటానియం కార్బైడ్ నానోమీటర్ల సైజులో పుట్టి మిగతా బలాన్ని ఇస్తుంది. అంటే బలమంతా మిల్లులో వేడినీ, చల్లదనాన్నీ నడిపిన తీరులోనే ఉంది. ఆ చరిత్రని ఎవరైనా చెరిపేస్తే బలం కూడా పోతుంది. చెరిపేసే మొదటి మనిషి వెల్డర్.

విరిగిన ముక్కల దగ్గరికి

6 మి.మీ. ప్లేట్‌లోంచి పూర్తి సైజు చార్పీ ముక్క రాదు, 5 మి.మీ. మందం ముక్కే వస్తుంది. 10 మి.మీ. ముక్కకి 27 జౌల్స్ కావాలంటే దీనికి 13.5 చాలు. ఈ మార్పిడి తెలియక ల్యాబ్ నుంచి వచ్చిన మొదటి కాగితం మీద ఎవరో ఎర్ర ఇంకుతో వృత్తాలు గీశారు, ఒక రోజంతా అనవసరపు టెన్షన్. వృత్తాల్లో కొన్ని తప్పు. కానీ వెల్డ్ పక్క ముక్కల సగటు 8 జౌల్స్. అది ఏ లెక్కలో చూసినా ఫెయిలే. ప్లేట్ మాత్రం 40 దాటింది.

అందరి అనుమానం ప్లేట్ మీద, తర్వాత ఎలక్ట్రోడ్ తీగ మీద పడింది. నేను షాప్‌కి వెళ్లి వెల్డింగ్ మెషీన్ సెట్టింగులు రాసుకున్నాను. క్రాస్ బేరర్‌లో రెండు ముక్కలను అంచుకి అంచు కలిపే బట్ వెల్డ్ అది. పాత డిజైన్‌లో అక్కడ 8 మి.మీ. ప్లేట్. హీట్ ఇన్‌పుట్, అంటే వెల్డ్ పొడవులో పెట్టే వేడి, మిల్లీమీటర్‌కి 1 కిలోజౌల్. కొత్త 6 మి.మీ. ప్లేట్‌కీ అదే సెట్టింగ్. పైగా తేమ పోవడానికని ప్లేట్‌ని 80 డిగ్రీలకి వెచ్చబెట్టే పాత అలవాటు.

"సన్న ప్లేట్ కదండీ, ఇంకా తేలిగ్గా అతుక్కుంటుందనుకున్నాం. పైగా గట్టి ఉక్కంటున్నారు, కొంచెం వెచ్చబెడితే మంచిదే కదా అనిపించింది," అన్నారు ఫోర్‌మన్ గారు. ఆయన తప్పేం లేదు. ముప్పై ఏళ్లు పాత ఉక్కుతో నేర్చుకున్న పాఠం అది. కార్బన్ ఎక్కువున్న ఉక్కులో త్వరగా చల్లబడితే మార్టెన్‌సైట్ అనే గట్టి, పెళుసు నిర్మాణం ఏర్పడి నెర్రెలు పడతాయి, అందుకే వెచ్చబెట్టేవారు. ఈ ఉక్కులో భయం తలకిందులు: నిదానంగా చల్లబడితేనే చెడుతుంది.

వెల్డ్ పక్క 800 నుంచి 500 డిగ్రీలకి దిగడానికి పట్టే సమయం సన్న ప్లేట్లలో హీట్ ఇన్‌పుట్ వర్గంతో పెరుగుతుంది, మందం వర్గంతో తగ్గుతుంది. యూరోపియన్ వెల్డింగ్ ప్రమాణం ఈఎన్ 1011-2 సూత్రంలో మా అంకెలు వేస్తే, 20 డిగ్రీల దగ్గర మొదలుపెట్టిన 8 మి.మీ. బట్ వెల్డ్‌కి 16 సెకన్లు. ప్లేట్ 6 మి.మీ. చేసి మిగతావేవీ ముట్టుకోకపోతే 28 సెకన్లు. దానికి 80 డిగ్రీల వెచ్చదనం తోడైతే 37 సెకన్లు. డ్రాయింగ్‌లో ఒక అంకె మారింది, మెషీన్ మీద ఏదీ మారలేదు. చల్లబడే సమయం మాత్రం రెట్టింపు దాటిపోయింది.

మైక్రోస్కోప్ కింద అది ఎలా ఉందో చెప్తాను. ప్లేట్‌లో మూడు నాలుగు మైక్రాన్ల గ్రెయిన్లు. వెల్డ్ అంచుని ఆనుకున్న చోట, ఆస్టెనైట్ గ్రెయిన్లు ఎదిగిన ఆనవాళ్లు పదుల మైక్రాన్లలో. వాటి లోపల మొరటు బెయినైట్, దాని పలకల మధ్య తెల్లగా, మూలలు తేలి చిన్న దీవులు. అవి మార్టెన్‌సైట్, మిగిలిపోయిన ఆస్టెనైట్ కలిసినవి. నిదానంగా చల్లబడేటప్పుడు కార్బన్ ఫెర్రైట్ లోంచి తప్పుకుని చివరగా మిగిలిన ఈ మూలల్లోకి చేరుతుంది. సగటు కార్బన్ 0.06 శాతమే అయినా ఆ దీవుల్లో అంతకి ఎన్నో రెట్లు ఉంటుంది. పెళుసు నెర్రె ఆ దీవుల అంచుల దగ్గరే పుడుతుంది. పుట్టాక దాన్ని మళ్లించడానికి గ్రెయిన్ సరిహద్దులు దగ్గర్లో ఉండవు. నేరుగా పరుగెడుతుంది.

రెండు ముక్కల్లో మాత్రం నెర్రె మొదలైన చోట ఇంకొకటి కనిపించింది: నారింజ పసుపు రంగులో చతురస్రం. టైటానియం నైట్రైడ్. ఈ ఉక్కులో టైటానియం ఎక్కువ, కాబట్టి కరిగిన ఉక్కు గడ్డకట్టేటప్పుడే నైట్రోజన్‌తో కలిసి పెద్ద పెద్ద ఘనాలు ఏర్పడతాయి. సన్నగా ఉంటే టైటానియం నైట్రైడ్ మంచిదే, వెల్డ్ వేడిలో గ్రెయిన్లు పెరగకుండా పట్టి ఉంచుతుంది. మైక్రాన్లలో ఎదిగితే మాత్రం గాజుపెంకు పొదిగినట్టే. వెల్డర్‌ని సరిచేస్తే ఇది పోదు. కొనుగోలు షరతుల్లో నైట్రోజన్ పరిమితిని బిగించాం. ఘనాల సైజు ఎంత దాటకూడదో రాశాం. కాల్షియం ట్రీట్‌మెంట్ చేసిన హీట్స్ (ఒక్కో విడతగా కరిగించిన ఉక్కు) నుంచే ప్లేట్ ఇవ్వాలని కూడా చేర్చాం. సల్ఫైడ్లు పట్టీల్లా సాగకుండా ఉండటానికి అది.

వెల్డింగ్ సరిచేయడం నిజానికి తేలికే. హీట్ ఇన్‌పుట్ 0.6 కిలోజౌల్స్‌కి దించాం, వెచ్చబెట్టడం మానేశాం. లెక్క ప్రకారం 10 సెకన్లు. ఒక పాస్‌లో (వెల్డ్‌ని ఒకసారి నడిపితే) అయ్యేది రెండు పాస్‌లైంది, పాస్‌ల మధ్య ప్లేట్ చేత్తో పట్టుకునేంత చల్లబడాలని నియమం. మళ్లీ కోసిన ముక్కల సగటు 24 జౌల్స్. వెల్డ్ పక్క మెత్తబడిన పట్టీలో గట్టితనం ముందు 225 విక్కర్స్ ఉండేది, ఇప్పుడు 245. ప్లేట్ 270. ఆ మెత్తటి పట్టీ వెడల్పు కూడా తగ్గింది. అదే ముఖ్యం. పట్టీ వెడల్పు ప్లేట్ మందం కన్నా బాగా తక్కువుంటే చుట్టూ ఉన్న గట్టి ఉక్కు దాన్ని సాగనివ్వదు, జాయింట్ బలం దాదాపు నిలుస్తుంది.

ఫెటీగ్ రిగ్ మీద

ఇక్కడితో గెలిచామనుకున్నాం. ఫ్రేమ్‌ని ఫెటీగ్ రిగ్ (లోడ్‌ని పదే పదే వేసి తీసే పరీక్ష యంత్రం) మీద పెట్టి ఊపితే అదే క్రాస్ బేరర్‌లో, వెల్డ్ అంచు దగ్గర నెర్రె వచ్చింది. ఈసారి పెళుసు విరుపు కాదు, నెమ్మదిగా పెరిగే రకం. విరిగిన ముఖం మీద చెట్టు వలయాల్లా గీతలు.

నన్ను పిలిచి మైక్రోస్ట్రక్చర్ చూడమన్నారు. చూశాను, చక్కగా ఉంది. తప్పు అక్కడ లేదు. వెల్డ్ అంచులో మొదటి రోజు నుంచే సన్నటి గీతలు, గాట్లు ఉంటాయి. వెల్డ్ ఆయుష్షంతా ఆ గాటు పెరగడమే. పెరిగే వేగం అన్ని నిర్మాణ ఉక్కుల్లోనూ దాదాపు ఒకటే. అందుకే వెల్డ్ ఫెటీగ్ తరగతులు ఉక్కు గ్రేడ్‌ని పట్టించుకోవు. ఎస్355 అయినా, ఎస్700 అయినా అదే అంకె. మిగతావన్నీ అలాగే ఉండి మందం 8 నుంచి 6కి తగ్గితే ఒత్తిడి 1.33 రెట్లు అవుతుంది. ఆయుష్షు ఒత్తిడి ఘనంతో తగ్గుతుంది కాబట్టి 42 శాతమే మిగులుతుంది. నిజం చెప్పాలంటే ఇది డిజైన్ దశలోనే నేను అడగాల్సిన ప్రశ్న. గ్రెయిన్ల ధ్యాసలో పడి అడగలేదు.

మార్చింది రెండు. బట్ వెల్డ్‌ని అడుగు అంచు దగ్గర నుంచి ఒత్తిడి తక్కువుండే చోటుకి జరిపాం. దానికి పెద్ద ప్లేట్ కోయాల్సి వచ్చి వృథా కొంచెం పెరిగింది. జరపలేని 24 చోట్ల వెల్డ్ అంచుల్ని హై ఫ్రీక్వెన్సీ పీనింగ్‌తో కొట్టించాం. గుండ్రటి మొన ఉన్న పిన్ను అంచుని అణిచి, గాటుని చదును చేసి, అక్కడ నొక్కుడు ఒత్తిడిని నింపుతుంది. గ్రేడ్ బలం ఫెటీగ్‌లో కలిసొచ్చే అరుదైన చోటు ఇది. ఉక్కు ఎంత బలమైనదైతే అంత నొక్కుడు ఒత్తిడిని దాచుకోగలదు. రెండో ఫ్రేమ్ రిగ్ పరీక్ష పూర్తిచేసింది.

మిగతావి

వంపులు పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. లోపలి వ్యాసార్థం మందానికి రెండింతలు ఉంచాం, కత్తిరించినప్పుడు మిగిలే గరుకు అంచు (బర్) వంపు లోపలి వైపుకి వచ్చేలా పెట్టాం. ప్రెస్ వదలగానే రేకు వెనక్కి లేచేది పాత ఉక్కు కన్నా ఎక్కువ. డైలు (వంచే అచ్చులు) రెండుసార్లు సరిచేయాల్సి వచ్చింది.

బండి తేలికైనందుకు బ్రేకుల వాళ్లు గొడవ పెట్టారు, అది న్యాయమే. ఖాళీ వ్యాగన్ చక్రం మీద బరువు తగ్గితే అదే బ్రేక్ బలానికి చక్రం జారి, చదును మచ్చలు పడతాయి. లోడ్‌ని బట్టి బ్రేక్ బలం మార్చే వాల్వ్ సెట్టింగులు కొత్తగా చేశారు. మెలిక తిరిగిన ట్రాక్ మీద ఖాళీ వ్యాగన్ చక్రం పైకి లేవకుండా ఉందో లేదో ప్రత్యేకంగా కొలిచారు.

చివరికి తూకం వేస్తే ఖాళీ బరువు 20.1 టన్నులు. 19.5 రాలేదు. నేల రేకు, లోతు పెంచిన బేరర్లు, గాడులు కలిసి ఆ తేడాని తినేశాయి. టన్ను సరుకుకి లాగే బరువు తగ్గింది 4.4 శాతం. మేనేజ్‌మెంట్‌కి 5.7 చూపించి 4.4 ఇచ్చామన్న మాట పడ్డాం.

వ్యాగన్లు నడవడం మొదలెట్టిన కొన్ని నెలలకి ఒకటి రిపేర్‌కి వెళ్లొచ్చింది. లోడర్ తగిలి పక్క స్తంభం ఒకటి వంగిందట. రిపేర్ షాప్‌లో అలవాటు ప్రకారం గ్యాస్ టార్చ్‌తో ఎర్రగా కాల్చి, సుత్తితో సరిచేసి, పెయింట్ కొట్టి పంపారు. చూడ్డానికి బాగానే ఉంది. చేతి గట్టితనం మీటర్ పెడితే కాల్చిన చోట 180 విక్కర్స్, కాల్చని ఇంకో స్తంభం మీద 270. ఆ వేడికి కార్బైడ్లు ముదిరి, గ్రెయిన్లు పెరిగి, అది మామూలు ఉక్కుకి దగ్గరగా వచ్చేసింది. మందం మాత్రం 700 గ్రేడ్‌కి లెక్కేసిన మందమే. ఆ స్తంభాన్ని కోసి మార్చాం. ఇప్పుడు ప్రతి వ్యాగన్ సైడ్ సిల్ మీద పసుపు పెయింట్‌తో "700 గ్రేడ్ ఉక్కు. కాల్చి సరిచేయరాదు. చల్లగా సరికాకపోతే మార్చాలి" అని రాయిస్తున్నాం. దాని కింద వెల్డ్ హీట్ ఇన్‌పుట్ 0.6 అంకె కూడా వేయించమని ఫోర్‌మన్ గారే అడిగారు. వేయించాం.